మిరప తొడిమల కరెంటు

ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్ళకి, ఈ లోకం తమ కోసమే ఎదురుచూస్తోందన్న నమ్మకం ఒకటి గట్టిగా ఉంటుంది. ఆ రోజుల్లో నాకు అది మరీ ఎక్కువ. ఖమ్మం ఊరి చివర పత్తి చేల మధ్య ఉన్న మా కాలేజీలో నేను క్లాసుకి ఫస్టూ కాదు, లాస్టూ కాదు. అయినా సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని, దేశంలో కరెంటు కొరత నా వల్ల తీరిపోయాక జరగబోయే సన్మానానికి ఏ రంగు చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. (రంగు తేలలేదు. సన్మానం కూడా ఇప్పటిదాకా జరగలేదు కాబట్టి తొందరేమీ లేదు.) నా పక్కనే కూర్చునే స్నేహితురాలిది వైరా. రిజర్వాయరు కింద వాళ్ళకి మిరప చేలుండేవి. ఊరి పేరుతోనే ఆమెని అందరం వైరా అని పిలిచేవాళ్ళం. నేను కలలు కంటూ ఉంటే, వాటిలో ఏది అయ్యే పనో ఏది కాదో తేల్చడం ఆమె పని.

మా ఇద్దరికీ పెద్ద దిక్కు ఓమ్ సార్. ఆయన అసలు పేరు వేరే. కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో కొలిచే ఓమ్‌ల గురించి తప్ప ఆయన మాట్లాడగా మేము వినలేదు. వరండాలో నడుస్తూ కూడా పెదవుల మధ్య లెక్కలు వేసుకునేవాడు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఒకసారి అది విని, ఎవరో గొప్ప భక్తుడనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. సార్ ప్రాణమంతా ఒక గదిలో ఉండేది. ఒక పాత ఫర్నేసు, తూకం సరిగ్గా చూపించే ఒక త్రాసు, ఎప్పుడు సరిగ్గా చూపిస్తాయో తెలియని నాలుగైదు మీటర్లు, అదీ ఆయన ల్యాబ్. ఆ గదిలో చెప్పుకోదగ్గది ఏదీ తయారు కావడం లేదు గనక, దాన్ని ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టిస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశారు. చివరికి ఒక్క గడువు ఇచ్చారు. ఆ సంవత్సరం ప్రాజెక్టులు చూడడానికి బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి ఆ గదిలో పుట్టిన పని చూసి బాగుందంటే సరి, లేకపోతే సామాను బయటికి.

సార్ మమ్మల్ని పిలిచి తలుపు దగ్గరికి వేసి విషయం చెప్పాడు. కెపాసిటర్ చేయాలి. మామూలు బ్యాటరీ గంటల తరబడి ఛార్జి తీసుకుంటుంది, ఇది మాత్రం నిమిషంలో నింపుకుని మళ్ళీ అంత త్వరగానూ ఇచ్చేస్తుంది. లోపల ఉండేది ముఖ్యంగా బొగ్గు. కంటికి కనిపించని రంధ్రాలతో ఎంత గుల్లగా ఉంటే అంత ఎక్కువ కరెంటు దాచుకుంటుంది. అందరూ కొబ్బరి చిప్పల బొగ్గు వాడతారు, మనం కొత్తగా ఏమైనా చూడాలన్నాడు. వైరా ఒక్క క్షణం ఆలోచించి, మిర్చి తొడిమలు పనికొస్తాయా సార్ అని అడిగింది. ఖమ్మంలో తొడిమలకి కొరతేమిటి? మిర్చి మార్కెట్ ఉన్న ఊరు. ఎవరికీ అక్కర్లేని ఆ తొడిమలు మా కళ్ళకి ఆ రోజు బంగారంలా కనిపించాయి.

బొగ్గు కాల్చడానికి మా ఊరు టేకులపల్లి వెళ్ళాం. హాస్టల్లో మంట పెట్టనివ్వరు, ఆదివారం తప్ప మాకు సెలవు లేదు. మా పెరడు గోడకి అవతల చర్చి. మా అమ్మ దవాఖానాలో నర్సు. ఆ రోజు డ్యూటీ లేక అందరికంటే ముందే వెళ్ళి పాటల వరుసలో కూర్చుంది. మేము రేకు డబ్బాలో తొడిమలు కుక్కి, మూత పెట్టి, బంకమట్టితో అంచులు మూసి మంట పెట్టాం. వైరా తెచ్చిన సంచిలో తొడిమలతో పాటు విరిగిన మిరపకాయలూ, గింజలూ సగానికి సగం ఉన్నాయని మాకు తెలియదు. వేడికి మట్టి పగిలింది. గాలి చర్చి కిటికీల వైపు తిరిగింది.

లోపల పాస్టరుగారు పశ్చాత్తాపం గురించి చెబుతున్నారట. ముందు కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. తరువాత పాటల బృందం ముక్కులు చీదడం మొదలుపెట్టింది. చూస్తుండగానే చర్చి మొత్తం వెక్కిళ్ళు. తన మాటలకి ఇంతమంది ఇలా కరిగిపోవడం పాస్టరుగారు ఎన్నడూ చూడలేదు. ఆయన గొంతు కూడా జీరపోయింది (అది భక్తి వల్లనే అని ఆయన అనుకున్నారు), ప్రసంగం ఇంకాస్త పొడిగించారు. పొలం గట్టు తగాదాతో చాన్నాళ్ళుగా మాటల్లేని ఇద్దరు బావాబామ్మర్దులు లేచి, కన్నీళ్ళతో ఒకరినొకరు కావలించుకున్నారు. దగ్గు సంగతి బాగా తెలిసిన మా అమ్మ ఒక్కతే గాలి వాసన చూసి, మెల్లగా లేచి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"ఏందే ఇది? లోపల గంతమంది ఏడుస్తున్నది దేవుని కోసమా, నీ మిరపకాయల కోసమా?" అంది.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు కూడా వచ్చారు. డబ్బా చూశారు, మమ్మల్ని చూశారు, ఎర్రబడ్డ కళ్ళతోనే చాలాసేపు నవ్వారు. కన్నీళ్ళు ఎట్ల వస్తే ఏంది, వచ్చినయ్ గదా అన్నారు. బావాబామ్మర్దులకి అసలు విషయం తెలిసినా, అందరి ముందూ కావలించుకున్నాక మళ్ళీ తగువు పెట్టుకోవడం సిగ్గుగా అనిపించి అలాగే కలిసిపోయారు. ఆ విధంగా మా పరిశోధన మొదటి ఫలితం విద్యుత్తుతో ఏ సంబంధమూ లేకుండానే వచ్చింది.

బొగ్గు మాత్రం అద్భుతంగా కుదిరింది. కడిగి, సార్ ఫర్నేసులో మళ్ళీ కాల్చి, మెత్తగా నూరి నీళ్ళలో కలిపాం. అక్కడ ఆగిపోయింది కథ. ఎంత కలిపినా పొడి ఉండలు కట్టేది. ఆ ఉండలతో కెపాసిటర్‌లో పెట్టే రేకు మీద పూత పూస్తే ఎండి పెచ్చులుగా రాలిపోయేది. చెవికి అందనంత సన్నని శబ్దాన్ని నీళ్ళలోకి పంపాలి, ఆ అదురుకి లక్షల బుడగలు పుట్టి పగిలితే ఉండలు విడిపోతాయి అన్నాడు సార్. అలాంటి యంత్రం కాలేజీలో లేదు. కొనమని అడిగితే ల్యాబ్ ఆ సాయంత్రమే మూసేస్తారు. అప్పుడు గుర్తొచ్చాడు మా కళ్ళజోళ్ళ బాబాయి. ఖమ్మం బజారులో ఆయన దుకాణంలో, కళ్ళజోళ్ళు ముంచి మురికి వదిలించే చిన్న స్టీలు తొట్టి ఉండేది. స్విచ్ వేస్తే సన్నగా రొద పెట్టేది. అచ్చంగా మాకు కావలసిన యంత్రమే.

బాబాయి మంచివాడు. బేరం లేనప్పుడు వాడుకోమన్నాడు. చిక్కేమిటంటే అది కాసేపటికొకసారి తనంతట తానే ఆగిపోయేది, పైగా ద్రవం వేడెక్కేది. గాజు గిన్నె పెడితే అదురు సరిగ్గా అందేది కాదు. ఆ తొట్టి దగ్గరే మేము నిజంగా ఏదో కనిపెట్టాం. పల్చటి స్టీలు గ్లాసుని అడుగు తగలకుండా తీగతో వేలాడదీసి, చుట్టూ నీళ్ళలో ఐసుముక్కలు వేసి, మిషన్ ఆగినప్పుడల్లా మళ్ళీ స్విచ్ నొక్కుతూ వంతులవారీగా కాపలా కాశాం. కొన్ని సాయంత్రాలు అలా గడిచాక ఒకరోజు గ్లాసులో ఉండలు పోయి, కాటుకలా నున్నటి నల్ల ద్రవం తేలింది. ఆ సంతోషంలో నా మోచెయ్యి తగిలి కొంత తొట్టిలో ఒలికింది. మేము చూసుకునేలోపే బాబాయి ఒక ముసలాయన కళ్ళజోడు అందులో ముంచి తీశాడు. అద్దాలు పొగచూరినట్టయ్యాయి. బాబాయి గబగబా గుడ్డతో తుడవబోయాడు. దుమ్ముగూడెం నుంచి వచ్చిన ఆ ముసలాయన మాత్రం పెట్టుకుని, వీధిలోకి వెళ్ళి ఎండలో అటూ ఇటూ చూసి, కండ్లకు సల్లగున్నయి, గిట్లనే ఉండనీయ్ అని వెళ్ళిపోయాడు. బాబాయి ఆ రోజు నుంచి మమ్మల్ని సైంటిస్టులని పిలవడం మొదలుపెట్టాడు. (అందులో మెచ్చుకోలు ఎంతో, భయం ఎంతో నేను అడగలేదు.)

పరీక్ష రోజుకి మా కెపాసిటర్ తయారైంది. అగ్గిపెట్టె అంత రెండు పొట్లాలు, వాటికి రెండు వైర్లు. దాంతో ఒక చిన్న దీపం వెలిగించి చూపించాలన్నది మా ఏర్పాటు. మిగతా జట్లు రోబోలూ, డ్రోన్లూ తెచ్చి బల్లల మీద పరిచాయి. వాటి పక్కన మా పొట్లాలు ఎవరో మరిచిపోయిన పకోడీల్లా ఉన్నాయి. పరీక్షాధికారి హైదరాబాదు నుంచి వచ్చారు. పొడుగు మనిషి, నెరిసిన జుట్టు. చొక్కా జేబులో చిన్న పెట్టె, దాని నుంచి చెవికి ఒక వైరు. వినికిడి తక్కువట. ఒక్కొక్క జట్టునీ ఓపిగ్గా విన్నారు. సరిగ్గా మా బల్ల ముందుకి వచ్చేసరికి పెట్టెని ఒకసారి తట్టారు, రెండోసారి తట్టారు, తల అడ్డంగా ఊపారు. సెల్ అయిపోయింది.

అటెండరు స్కూటరు మీద ఊళ్ళోకి పరిగెత్తాడు. ఆయనకి మధ్యాహ్నం రైలుంది. ఆలస్యమైతే మిగిలినవాళ్ళకి రిపోర్టులు చదివి మార్కులు వేస్తానన్నారు. మా రిపోర్టులో ఉన్నదల్లా బొగ్గు, నీళ్ళు, కాసేపు వెలిగే దీపం. అది చదివి ఏ గదినీ ఎవరూ కాపాడరు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఓమ్ సార్ ముఖంలో నెత్తురు లేదు. వైరా నా చెవి దగ్గరికి వంగింది.

"మనది పెడదామా?"

"ఆయనది పాడైతదేమోనే."

"పెట్టకపోతే మనం ఎలాగూ పాడైపోతాం."

నేను కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. మా కెపాసిటర్ పెట్టి చూస్తారా సార్ అని. ఆయన చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, ఎన్ని వోల్టులని అడిగారు. ఒకటిన్నర అని రాశాను. వైర్లు తారుమారైతే ఏమవుతుందని అడిగారు. అలా కానివ్వం అని రాశాను. ఆయన జేబులోంచి పెట్టె తీసి నా చేతిలో పెట్టారు. ఆయన జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకునేలోపే పొట్లాలు ఛార్జయ్యాయి. సెల్ ఉండే చోట వైర్లు పెట్టి టేపు వేసి ఇచ్చాం. చెవికి తగిలించుకుని, ఎవరైనా ఏదైనా అనండి అన్నారాయన.

గదిలో అంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ మాట రాలేదు. చివరికి ఓమ్ సార్ నోటి నుంచి, ఆ కంగారులో, అలవాటుగా వచ్చేదే వచ్చింది.

"ఓమ్."

పరీక్షాధికారి గిరుక్కున ఆయన వైపు తిరిగారు. "ఎన్ని ఓమ్‌లు?" అన్నారు.

సార్ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఈసారి ఆ గదిలో మిరపపొగ లేదు.

తరువాత జరిగింది పరీక్ష కాదు, పండగ. ఛార్జి తగ్గినప్పుడల్లా ఆయన వేలెత్తేవారు, వైరా పసిపిల్లకి పాలు పట్టినట్టు నిమిషంలో నింపి ఇచ్చేది. బొగ్గు పొడిని శబ్దంతో ఎందుకు విడదీశారని నన్ను అడిగారు. నేను తప్పు జవాబు మొదలుపెట్టి సగానికి వచ్చేసరికి ఛార్జి అయిపోయింది. నింపే లోపల సరైన జవాబు గుర్తొచ్చింది. (ఇంత సమయస్ఫూర్తి ఉన్న పరికరాన్ని నేను మళ్ళీ చేయలేకపోయాను.) అటెండరు కొత్త సెల్స్ పట్టుకుని, ప్రిన్సిపాల్‌తో సహా రొప్పుతూ వచ్చాడు. పరీక్షాధికారి చెయ్యి అడ్డం పెట్టి, ఆగండి, దీంట్లో ఇంకా ఉంది అన్నారు. భోజనానికి కూడా మా పొట్లాలు జేబులో వేసుకునే వెళ్ళారు, వెనకాల ఛార్జరు పట్టుకుని మేమిద్దరం. పప్పు వడ్డిస్తుండగా ప్రిన్సిపాల్‌తో అందరికీ వినబడేలా చెప్పారు. "ఇంతసేపూ మీ మాటలు నాకు వినబడుతున్నాయంటే అది ఆ గది వల్లే. దాన్ని మూస్తానంటే ముందు నాకు చెప్పండి, సామానూ, ఆ సారునీ, ఈ పిల్లల్నీ నేను తీసుకుపోతాను."

కంప్యూటర్లు పై అంతస్తుకి వెళ్ళాయి. సాయంత్రం ఓమ్ సార్ ల్యాబ్‌కి తాళం వేశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి తాళం తీసి, లోపలికి ఒకసారి చూసుకుని, మళ్ళీ వేశాడు. ఆ తాళం తీసి వేసిన తీరులోనే అంతా ఉంది.

ఆ సాయంత్రమే ఇంటికి బస్సెక్కాను, అమ్మకి ఎదురుగా నిలబడి చెప్పాలని. కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు వచ్చి ఏడికి అని అడిగాడు. నేను చాలా గంభీరంగా, ఒకటిన్నర వోల్టులు అన్నాను.

ఆయన టికెట్ మిషన్ వైపు చూసి, నా వైపు చూసి, "ఆ స్టేజి ఈ రూట్ల లేదమ్మా. యాడ దిగుతవో చెప్పు" అన్నాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఆ శబ్దపు యంత్రం నిలువెత్తు ఉంటుంది. మా కెపాసిటర్లు బస్సుల్ని కూడా కదిలిస్తాయి. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో నాకు తడుముకోకుండా తెలుసు. కానీ అప్పుడప్పుడూ, పొద్దుగూకే వేళ ఏదైనా బస్సు కిటికీలో ఒళ్ళో సంచి పెట్టుకుని తనలో తానే నవ్వుకుంటున్న ఆడపిల్ల కనబడితే, కాసేపు అక్కడే నిలబడిపోతాను. తన ఊరి పేరు కూడా మరిచిపోయేంత సంతోషం ఆ పిల్లకి ఎక్కడ దొరికిందో అడగాలనిపిస్తుంది. ఈలోగా బస్సు కదిలిపోతుంది.