తొమ్మిదీ పన్నెండుకు తిప్పిన వాల్వు

తల నిండా కుంకుడు నురుగు పెట్టుకొని, కండ్లు మూసుకొని, ఒక మనిషి బాత్రూంల నిలబడి నా ఏడు తరాలను తిడుతుంటే, నేను తలుపు బయట నిలబడి "అవునన్నా, వాడు మనిషే గాదు" అని వంత పాడిన. ఆ తిట్లన్నీ నాయే అని ఆయనకు తెల్వదు. నా సొంత పని మొదటి దినం గిట్ల గడిచింది. మొత్తం చెప్త, నవ్వేటోళ్లు నవ్వుండ్రి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

ఎయిర్‌పోర్టు పడ్డ నాలుగేండ్లకు శంషాబాద్‌ల ఎటు చూసినా లాడ్జిలే. ఒక్కొక్క లాడ్జి మీద రెండేసి నల్ల ట్యాంకులు. కడిగేటోడు మాత్రం ఎవ్వడూ లేడు. నేను గోడౌన్ల మూటలు మోసే పని ఇడిచిపెట్టి, బ్రష్షులు, బ్లీచింగు పౌడరు, చిన్న మోటరు పట్టుకొని ట్యాంకులు కడిగే పని పెట్టుకున్న. బాపు వద్దనలే. రెండు నెలలు చూస్త, నడవకపోతే మళ్ల మూటల కాడికే పోవాలె అన్నడు. నెలా ఇరవై ఐదు దినాలు పోయినయి, ఒక్క ట్యాంకు దొరకలే. అన్నం పోతలేదు. ఫోను మోగితే ఉరికి ఎత్తేటోన్ని, రాంగు నంబరు.

ఇగ ఐదు దినాలే ఉందనంగ హైవే పక్క లాడ్జి సేటు పిలిచిండు. మంచిగ చేస్తే తన మూడు లాడ్జిల ట్యాంకులూ నాకే అన్నడు. "గని ఒక్క మాట యాది పెట్టుకో. తొమ్మిదింటికి కరెంటు పోతది, పదకొండుకు వస్తది. అప్పటిదాక బోరు నడవదు. పదకొండు దాటినంకనే ట్యాంకు ముట్టు." నేను తలకాయ ఊపిన. తలకాయ ఊపుడుల నన్ను మించినోడు లేడు.

ఇంటికొచ్చి చెప్తే, మంచి గడియ లేకుండ మొదటి పని ఎట్ల చేస్తవురా అని అమ్మ లాడ్జి వెనక గల్లీల ఉండే పంతులు దగ్గరికి ఉరికింది. దుబాయ్ పోయేటోళ్లకు గడియలు పెట్టుట్ల ఆయనకు పెద్ద పేరు. ఆయన తెల్లారి తొమ్మిదీ పన్నెండుకు పెట్టిండు. అది దాటితే దినమంత బాగలేదట. ఒక దిక్కు సేటు పదకొండు, ఒక దిక్కు పంతులు తొమ్మిదీ పన్నెండు, నెత్తి మీద బాపు గడువు. పరేషానై పరేషానై ఆఖరికి ఒక ఉపాయం తీసిన. గడియకు వాల్వు జరంత తిప్పి, పని మొదలైందని దేవునికి చూపెట్టి, మళ్ల మూసేద్దామని. ఏం తెలివి చూసిన్రా?

తెల్లారి డాబా ఎక్కిన. ట్యాంకులకు పసుపు కుంకుమ పెట్టిన, అగరుబత్తి ముట్టిచ్చిన. గడియారం చూసుకుంట సరిగ్గ తొమ్మిదీ పన్నెండుకు రెండు ట్యాంకులకూ కలిపి ఉన్న అడుగు వాల్వు తిప్పిన. ఏండ్ల సంది ఎవ్వరూ ముట్టని వాల్వు అది. తిరిగింది గని, పిడి ఊడి నా చేతుల్లకొచ్చింది. నీళ్లు కాలువ లెక్క పారుతుంటే చేతితోని ఒత్తిన, తువాల కుక్కిన, ఆఖరికి పైపుకు వీపు ఆనిచ్చి కూసున్న. పది నిమిషాలల్ల రెండు ట్యాంకులూ ఎండినయి, నేను నిండ తడిసిన.

అప్పుడే మూడో అంతస్తుల కేక వినబడ్డది. ఎల్లయ్య అన్న అని, నిజామాబాద్ దిక్కు మనిషి, దుబాయ్ పోతున్నడు. పెండ్లాం సీసల పోసిచ్చిన కుంకుడు రసం నెత్తికి పట్టిచ్చి నల్లా తిప్పితే గాలి తప్ప ఏం రాలే. నేను మెట్లు దిగి ఆయన బాత్రూం తలుపు కాడికి ఉరికిన.

"నీళ్లెవడు బంద్ చేసిండు? కండ్లు మండుతున్నయి."

"ఎవడో ట్యాంకులు కడిగేటోడట అన్నా."

"వాన్ని పట్టుకరా."

"పారిపోయిండట."

అని కిందికి ఉరికి, పక్క దుకాణంల తాగే నీళ్ల క్యాన్లు ఎత్తుకొని మూడంతస్తులు మోసిన. ఆయన తువాల కట్టుకొని తలుపు తీసిండు, కండ్లు మాత్రం తెరవలే. చెంబుతోని ఆయన నెత్తి మీద పోసుకుంట, విమానం ఎన్నింటికని భయం భయంగ అడిగిన. సాయంత్రమేనట. నాకు పానం లేచొచ్చింది.

"సాయంత్రమే గని, తొమ్మిదీ నలభై లోపల గడప దాటాలె తమ్మీ. పోయినసారి గడియ చూసుకోకుండ పోతే విమానం అందక వాపస్ వచ్చిన. మళ్ల గట్లనే వాపస్ పోతే ఇంట్ల ఏం ముఖం చూపియ్యాలె? అందుకే పంతులు చెప్పినట్టే తొమ్మిదీ పన్నెండుకు తలకు పోసుకున్న."

"ఏ పంతులన్నా?"

"గీ లాడ్జి ఎనక గల్లీల ఉంటడు."

నా చేతుల చెంబు ఆగిపోయింది. ఇద్దరికీ ఒకటే గడియ పెట్టినాయనకు, ఇద్దరి పనీ ఒకటే ట్యాంకుల నీళ్లతోనని ఏం ఎరుక? మిగిలిన నీళ్లు ఆయన నెత్తి మీద గుమ్మరిచ్చిన.

తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి ఎల్లయ్య అన్న చెవుల నురుగుతోనే బ్యాగు పట్టుకొని గడప దాటిండు. బయట సేటు నిలబడ్డడు. నేను ఎనకనే బ్యాగు ఇంకోటి మోసుకుంట వచ్చిన, పని పోయిందనే అనుకున్న.

"సేటూ," అన్నడు ఎల్లయ్య అన్న, "ఆ ట్యాంకు ఖాళీ చేసినోన్ని మెడలు పట్టి గెంటు. గీ నీళ్లు మోసిన తమ్మిని మాత్రం ఇడువకు."

సేటు నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. తడిసిన బట్టలు, చేతులకు పసుపు, అంగీ జేబుల కెల్లి బయటికి కనబడుతున్న వాల్వు పిడి.

"సరే అన్నా. వాన్ని గెంటేసిన, వీన్ని పెట్టుకున్న," అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగి, "పదకొండుకు మీదికెక్కు. కొత్త వాల్వు తెచ్చుకో" అన్నడు.

మూడు లాడ్జిలూ నాకే వచ్చినయి. బాపు మూటల మాట మళ్ల ఎత్తలే. నేను మాత్రం కడిగిన ట్యాంకు మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్న. బతికున్నంత కాలం గడియారం చూసి వాల్వు ముట్ట, కింద ఎవ్వరి నెత్తికీ నురుగు లేదని చూసుకున్నంకనే ముడ్త. ఆ ఒట్టు కూడ ఊకెనే వేసుకోలే. అమ్మ మంచి గడియ అడిగి వచ్చింది, అదే పంతులు దగ్గర.