పదకొండుసార్లు కడిగిన మట్టి

ఎమ్మెస్సీ చివరి ఏడాది కాకినాడలో నాకిచ్చిన ప్రాజెక్టు మట్టి మీద. బెంటొనైట్ అని, నీళ్ళు తగిలితే ఉబ్బిపోయే మెత్తటి బంకమట్టి. దాని పొరల మధ్యనున్న సోడియాన్ని తప్పించి, సబ్బు జాతికి చెందిన ఓ రసాయనాన్ని ఎక్కించాలి. సరిగ్గా ఎక్కితే ఆ మట్టి నీటిని వదిలేసి నూనెను పీలుస్తుంది. పడవల రేవులో తేలే డీజిల్ తెట్టు చూస్తూ పెరిగినదాన్ని, నాకు భలే నచ్చింది.

కానీ రెండుసార్లు చేసినా నా మట్టి నురగ కక్కుతూ నీళ్ళలో కలిసిపోయింది. మూడోసారీ అంతే అయితే ఆ ఏడాదికి డిగ్రీ లేనట్టే. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే.

మా సారు పక్కన నిలబడి చూశారు.

"ఎన్నిసార్లు కడిగావమ్మా?"

"మూడుసార్లండి."

"మూడేంటి? మిగిలిన రసాయనమంతా అందులోనే ఉంటే నురగ రాక ఏమొస్తుంది? డిస్టిల్డ్ వాటర్ మీ ఇంటి నుంచి మోసుకొస్తున్నావా ఏంటి, అంత పొదుపు?"

నవ్వాను గానీ, ఆయనన్నది దాదాపు నిజమే. నరసాపురం దగ్గర, సముద్రపొడ్డున మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పు. మంచినీళ్ళు బిందెలతో దూరం నుంచి మోసుకురావాలి. గిన్నెలకైనా, నా తలకైనా చివర్లో మూడు చెంబులే మా అమ్మ లెక్క. ఆ లెక్క నాతోపాటు ల్యాబుకీ వచ్చేసింది.

ఈసారి కడుగుతూనే ఉన్నాను. వడపోసిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ప్రతిసారీ తెల్లగా మసకబారేది, అంటే రసాయనం ఇంకా మిగిలుందన్నమాట. పదకొండోసారి తేటగా ఉండిపోయింది. మట్టిని ఆరబెట్టి, నూరి, నీళ్ళ మీద చల్లితే తేలింది. డీజిల్ చుక్క వేస్తే పీల్చుకుని ముద్దకట్టింది.

పాసయ్యానని తెలిసిన రోజే ఆ పొడి సీసా పట్టుకుని బస్సెక్కాను. పంటు మీద గోదారి దాటుతుంటే పక్కనున్న చేపల తట్ట ఆవిడకి కూడా మొత్తం చెప్పేశాను.

ఇంటి గుమ్మంలోంచే అరిచాను. "అమ్మా, పాసయ్యా! ఓ గ్లాసు నీళ్ళియ్యి."

"తాగడానికా, ఆటకా?"

"చూపించడానికి."

బోరు నీళ్ళిచ్చింది. పొడి చల్లాను.

"మట్టేనా ఇది? తడవదేంటే?" వేలితో ముంచి చూసింది. వేలు తీయగానే పొడి మళ్ళీ పైకొచ్చింది.

"పదకొండుసార్లు కడిగానమ్మా. ఉప్పు లేని నీళ్ళతో."

"పదకొండా!" గుండె మీద చెయ్యేసుకుంది. "అయినా నీకు డిగ్రీ ఇచ్చారంటే వాళ్ళు మహారాజులే తల్లీ. ఇక్కడైతే నేను గెంటేసేదాన్ని."

అని లోపలికెళ్ళి, మంచినీళ్ళ బిందెలోంచి నిండుగా ఒక గ్లాసు ముంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందులో వెయ్యి. మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."