ఆసియా కొస మింగిన పెళ్లికొడుకు

తినే రొట్టె మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

పంతొమ్మిది వందల నలభైల్లో చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు పెళ్లిచూపులకు వెళ్లాను. పిల్ల తండ్రి బడిపంతులు, కూతురికి భూగోళం నూరిపోసిన మనిషి. నా ముందు జొన్నరొట్టె పెట్టించి, "ఆసియాకు నాలుగు దిక్కుల కొసలు చెప్పు. అప్పుడే పిల్లనిస్త" అన్నాడు.

రొట్టెనే ఆసియా పటంలా తుంచాను. ఉత్తరాన చెల్యూస్కిన్ అగ్రం, తూర్పున దెజ్నెవ్ అగ్రం, పడమట బాబా అగ్రం అని వేలుపెట్టి చూపించాను. దక్షిణం మాత్రం తట్టలేదు. ఏం చేయను? ఆ కొస తుంచి నోట్లో వేసుకున్నాను.

"దక్షిణపు కొస ఏడున్నది?"

"నా కడుపుల ఉన్నది సారూ."

"దక్షిణపు కొసనున్న మలయా దేశమంత మింగినవా! ఇంక కూర దేనితోని తింటవు?" అంటూ పంతులు పగలబడి నవ్వి, పిల్లనిచ్చాడు.

నేను కల్పించింది ఒక్కటే, ఆ మూడు కొసలూ నాకు తెలుసన్నది. తలుపు చాటు నుంచి పిల్లే మెల్లగా పేర్లు అందించింది. సరిగ్గా దక్షిణం దగ్గరే వాళ్లమ్మ కూర తెమ్మని పిలిచింది.