మాత్ర చేయని ప్రమాణం

2022 ఎండాకాలం. అనంతపురంలో ఒక నరాల డాక్టరు గారి దగ్గర నేను అప్పటికే చాలా ఏళ్లుగా ఓపీ నర్సుని. ఓపీ అంటే పడకలో చేరకుండా, వచ్చి చూపించుకుని వెళ్లే రోగుల విభాగం. పొద్దున తలుపు తీయగానే కదిరి, రాయదుర్గం, ధర్మవరం బస్సులు దిగినవాళ్లంతా ఒక్కసారే మీద పడతారు. వాళ్లకు టోకెన్లు పంచడం నా మొదటి పని. ముందు నంబరు కోసం నాతో చుట్టరికం కలుపుతారు, ఊళ్లో చావుందంటారు. ఒకాయనైతే ఎప్పుడో పోయిన మేనత్తను వచ్చిన ప్రతిసారీ చంపేవాడు. అందుకే వెనక నంబరు అడిగిన ఒకే ఒక్క మనిషిని నేను మరిచిపోలేదు.

ఆయన్ని నారాయణప్ప అందాం, అసలు పేరు వేరు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. అరవై దగ్గర పడిన మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు కుడిచేయి వణికేది, అడుగు సరిగా పడేది కాదు. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరు గారు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి ఒళ్లు బిగుసుకుపోయే జబ్బు అది. డోపమిన్ అగోనిస్ట్ అనే మాత్ర రాశారు. డోపమిన్ చేయాల్సిన పనిని దాని బదులు చేసే మందన్నమాట. కొన్ని నెలల్లో ఆయన మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. తెగిన జరీ పోగును తనే ముడేసుకుంటున్నాడని భార్య ఓబులమ్మ మా అందరికీ లడ్లు పంచింది. మాకూ పండగలాగే అనిపించింది.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన చేతిలో తొమ్మిదో టోకెన్ పెట్టాను.

“ఇది వద్దు సిస్టరమ్మా. నలభై ఏడు ఇయ్యి,” అన్నాడు.

“ఏమన్నా, ఎండ గాని తగిలిందా? నలభై ఏడంటే అన్నం పొద్దు దాటిపోతాది.”

“దాటనీ. నాకు అదే కావల్ల.”

నాదేం పోయిందని ఇచ్చాను. దాన్ని కళ్లకద్దుకుని, బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేసుకుని వచ్చాడు. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. ఓబులమ్మ మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. ఎప్పుడొచ్చినా నా కూతురి సంగతి అడిగే మనిషి, ఆ రోజు నా మొహమే చూడలేదు. పక్కన కూర్చుని ఏమైందక్కా అని అడిగాను.

“మట్కా సిస్టరమ్మా,” అంది. మట్కా అంటే అంకెల మీద కట్టే జూదం. “మేమొచ్చిన బస్సు నంబరు చివర నలభై ఏడు ఉండాది. టోకెన్ గూడా అదే అయితే ఈ పొద్దు తగుల్తాదంట. పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని మనిషి. ఇప్పుడు గోడ మింద బల్లి కనపడినా అంకె చెప్తాండాడు.”

నాకు నవ్వొచ్చింది. ఆమె తర్వాతి మాటతో ఆ నవ్వు కాస్తా పోయింది.

“మగ్గం అమ్మేస్తాండా. చీర నేసి దించేది, అమ్మిన దుడ్లు తీసుకపోయి మట్కాకు పోసేది. మగ్గమే లేకుంటే యాడినుంచి పోస్తాడు? దేవుని ముందర కర్పూరం ఆర్పించినా. అదీ తప్పినాడు.”

వెలిగే కర్పూరాన్ని ఆర్పి చేసే ప్రమాణాన్ని మించింది మా సీమలో లేదు. కోర్టులో ఎన్ని అబద్ధాలైనా ఆడేవాడు కర్పూరం దగ్గర వెనక్కి తగ్గుతాడు. అది తప్పినవాడంటే ఇంట్లో కూడా నమ్మరు. ఇక మగ్గం కూడా పోతే ఆయనకు మిగిలేది మంచమే. చేతులు తిరిగొచ్చింది దాని కోసమే కదా అని నా మనసు చివుక్కుమంది.

“ఇన్ని నెలలు మాకు చెప్పలేదేమక్కా?”

“చేతులు చూసే డాక్టరుకు మట్కా సంగతి ఎందుకు సిస్టరమ్మా?”

ఆమెను తప్పుపట్టలేం. వణుకు డాక్టరుకు, దుర్బుద్ధి దేవుడికి అని వాళ్ల ఇంట్లో ఎవరి పని వాళ్లకు పంచేశారు. నేను లోపలికెళ్లి డాక్టరు గారికి చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, టోకెన్ వరుస చూడకుండా వాళ్లిద్దర్నీ పిలిపించారు.

మట్కా ఎప్పటినుంచి అని అడిగితే పోయిన దసరా నుంచి అంది ఓబులమ్మ. మాత్ర మోతాదు పెంచింది దానికి కాస్త ముందే. డాక్టరు గారు నిదానంగా విడమరిచి చెప్పారు. డోపమిన్ ఒక్క నడకకే కాదు, గెలిస్తే కలిగే హుషారుకీ కారణమే. ఈ రకం మాత్ర వేసుకునేవాళ్లలో కొందరికి జూదం మీదికో, తిండి మీదికో, కొనుగోళ్ల మీదికో మనసు లాగుతుంది, వద్దనుకున్నా ఆపుకోలేరు. దాన్ని ఇంపల్స్ కంట్రోల్ డిజార్డర్ అంటారు.

“అట్లయితే నేను చెడ్డోన్ని కాదా సారూ?” అన్నాడు నారాయణప్ప. కండువాలో మొహం పెట్టుకున్నాడు. ఎత్తాక అడిగింది ఇంకోటి. “మాత్ర మాత్రం తీసేయొద్దు సారూ. మల్లా చేతులు పోతాయి. చేతులు లేకుంటే నేనేమైతా?”

“ఒక్కసారిగా తీయను, తీస్తే వేరే తిప్పలు. మెల్లగా దించి, లెవోడోపా పెంచుతా,” అన్నారు. లెవోడోపా మెదడులోకెళ్లి డోపమిన్‌గా మారే మందు. “చేతులు పూర్తిగా పోవు. కొంచెం నిదానిస్తాయేమో. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. అమ్మా, మగ్గం జోలికి నువ్వూ పోవద్దు. చేతికొచ్చిన దుడ్లు మాత్రం కొన్నాళ్లు నీ దగ్గరే పెట్టుకో.”

అంతా విని ఓబులమ్మ లేవలేదు. “మరి కర్పూరం సంగతి?” అంది.

డాక్టరు గారు చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు ఉండదనుకున్నాను.

“ప్రమాణం చేసింది ఆయప్ప. తప్పించింది మాత్ర. అది ప్రమాణం చేయలేదు కదమ్మా.”

ఆమె ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుని, అదీ నిజమే అని లేచింది. భర్త చెప్పు జారితే వంగి సరిచేసింది.

మాత్ర దించిన రోజులు సులువుగా గడవలేదు. ఆయన చీటికీమాటికీ చిరాకుపడేవాడు. ఇంకొక్క మాత్ర రాయించమని నాకు ఫోన్లు చేసేవాడు, నేను చీవాట్లు పెట్టేదాన్ని. శనక్కాయ విత్తే కాలం వెళ్లేసరికి మట్కా మీద యావ పోయింది. పోయినట్టు ఆయనకే ఆలస్యంగా తెలిసింది.

అప్పటినుంచి ఈ మాత్రలు వాడే ప్రతి రోగి ఇంటివాళ్లనూ పక్కకు పిలిచి, మనిషి కొత్తగా దేనిమీదైనా పడ్డాడా అని అడుగుతాను. ఒకామె, “మాయప్పకు పెండ్లికి ముందు నుంచే పేకాట,” అంది. దానికి మా దగ్గర మందు లేదక్కా అన్నాను. నవ్వుకున్నా అడగడం మాత్రం మానలేదు. మందు రోగికి ఏం చేసిందో చెయ్యి చూస్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం ఇంట్లోవాళ్లు చెప్పాలి.

ఈ మధ్య వాళ్లిద్దరూ వచ్చారు. చేతులు కొంచెం నిదానించాయి. ఇదివరకు ఇరవై రోజుల్లో దించే చీరకు ఇప్పుడు నెల పడుతోందని నారాయణప్ప నొచ్చుకున్నాడు.

“పడనీ సిస్టరమ్మా,” అంది ఓబులమ్మ. “ఆ నెలంతా ఇంట్లోనే ఉంటాడు గదా.”