దురద తగ్గిన వీపు

నవంబరు పంతొమ్మిదో తేదీ, బుధవారం. వాన కురుస్తోందనడానికి చాలదు, ఆగిందనడానికి వీల్లేదు. అద్దాల తలుపు మీద తుంపర పేరుకుని, బయటి వీధిని సగం చెరిపిన పలకలా మార్చింది. ఆ ఉదయమే మసాజ్ సెంటరుకు ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో గాజు సీసాలు. సీసాల్లో ఆకుపచ్చో గోధుమో తేల్చుకోలేని రంగులో చిక్కని లేపనం.

"గంజాయి క్రీము," అంది యజమానురాలు, ఒక మూత తిప్పుతూ.

తువ్వాళ్లు మడతపెడుతున్న వదిన చేతులు ఆగిపోయాయి. "అమ్మో! ఇకమీదట కస్టమర్లు నడిచొచ్చి తేలుతూ వెళతారా మేడమ్?"

"మత్తెక్కదమ్మా. మత్తెక్కించేది తీసేసి, మిగిలిన సారాన్ని నూనెలోనూ తేనెమైనంలోనూ కలుపుతారు. చర్మం పొడిబారినా, దురద పెట్టినా, కండరాలు పట్టేసినా పైపూతగా రాయడమే. అనుమతులన్నీ ఉన్నాయి."

"మత్తే లేకపోతే గంజాయెందుకు, వెన్న రాస్తే పోలా?"

వదిన నవ్వింది. ఆమె ఆడపడుచు మాత్రం నవ్వలేదు. సీసాలో వేలు ముంచి వాసన చూసింది. తడిసిన గడ్డి, ఆ వెనక కొంచెం మిరియం.

ఈ కథ ఆ ఆడపడుచుది. ఆమెను అందరూ వేళ్లక్క అనేవారు. గొంతు బాగున్నవాణ్ణి పాటగాడంటాం గాని గొంతయ్య అనం. కాళ్లలో చురుకున్నవాణ్ణి కాళ్లయ్య అని ఎవరూ పిలవరు. పనిచేసే అవయవమే పేరై నిలిచే గౌరవం ఆమెకు దక్కింది. పట్టేసిన మెడను ఆ వేళ్లు తాకితే చాలు, ముడి ఎక్కడుందో తెలిసిపోయేది. పని నేర్పిన ముసలావిడ మొదటిరోజే చెప్పిందట: "కళ్లు మూసుకోవే. చూస్తే చేతికి బద్ధకమొస్తుంది." నాటినుంచి వేళ్లక్క ఒక్క వీపునూ కళ్లతో చూసి ఎరగదు. యజమానురాలికి అది మరీ నచ్చింది. మందపాటి తెరలు దింపించి, మూలన చిన్న దీపం ఒక్కటి ఉంచింది. వచ్చినవారికి ఆ చీకటే సగం విశ్రాంతి.

వేళ్లక్క లేపనాన్ని ముందు తన చేతుల మీదే పరీక్షించింది. సబ్బునీళ్లకు పగిలిన కణుపులు వారం తిరిగేసరికి మెత్తబడ్డాయి. ఇక ఆమెకు అనుమానం లేదు. మోకాళ్ల నొప్పులవారు, నిద్రపట్టనివారు, మోచేతులు గరుకెక్కినవారు, అందరూ ఆ సీసానే అడగసాగారు. గోడ మీది ప్రకటనలో ఆమె రెండు చేతులూ వెలిశాయి.

అన్న పోయాక వదినా ఆడపడుచులు ఒకే వంటగదితో సర్దుకుంటున్నారు. వదిన ఆ సెంటరులోనే తువ్వాళ్లు ఉతికి ఇస్త్రీ చేసేది. ఒక సాయంత్రం పని ముగిశాక బల్ల మీద బోర్లా పడుకుని, "ఏమమ్మా ఆడపడుచూ, ఊరందరి వీపులూ రుద్దుతావు, నా వీపేం పాపం చేసింది?" అంది.

"ఎక్కడ?"

"రెక్క ఎముక కింద. పుట్టుమచ్చ దగ్గర ఒకటే దురద. నా చెయ్యి అందదు, నా కన్ను అసలే అందదు."

వేళ్లక్క కళ్లు మూసుకుని లేపనం రాసింది. ఆరేడు రోజుల్లో దురద తగ్గింది. 'తగ్గింది' అన్న క్రియకు కర్త దురదా, రోగమా అని ఆ ఇంట్లో ఎవరూ ఆగి అడగలేదు. మళ్లీ మొదలైనప్పుడు మళ్లీ రాసింది. చలి పోయింది, ఎండ ముదిరింది. సాయంత్రం పూత అలవాటుగా మారింది.

"ఆడపడుచు చేత సేవ చేయించుకునే భాగ్యం ఎంతమందికుంది చెప్పు?" అనేది వదిన.

"మాట్లాడకు, కండ బిగుసుకుంటోంది."

ఈ మధ్యలో వేళ్లకు ఏదో తగిలింది. మచ్చ అంచు దళసరిగా ఉంది. చల్లబడిన మైనం గడ్డకట్టిందనుకుని గట్టిగా రుద్దింది. వదిన పరుచుకునే తువ్వాలు మీద గోధుమరంగు చుక్కలు మిగలసాగాయి. "ఈ క్రీము మరక ఎంత ఉతికినా వదలదే!" అని వదినే విసుక్కుంటూ వాటిని రుద్ది రుద్ది ఉతికేది. ఆ లేపనం అంటిన ప్రతి గుడ్డా అదే రంగులో మరకపడేది మరి. ఎవరు వేరుచేయగలరు?

ఏప్రిల్‌లో ఒక ఉదయం వదిన తెరలన్నీ ఉతకడానికి విప్పి నానబెట్టింది. కస్టమర్లు రాకముందే కాస్త రాయించుకుందామని బల్లెక్కింది. ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. మూసిన రెప్పల మీద ఆ వేడి సోకేసరికి, వేళ్లక్క అప్రయత్నంగా కళ్లు తెరిచింది.

ఇన్నాళ్లూ వేలికి చిన్నదిగా తోచిన మచ్చ కంటికి పెద్దదిగా కనిపించింది. తడికాగితం మీద సిరా పాకినట్టు అంచులు ఎటుపడితే అటు పాకాయి. ఒకపక్క నలుపు, ఒకపక్క ఎరుపు. నడుమ సన్నగా నెత్తురు. వేళ్లక్క తన వేళ్లు చూసుకుంది. వాటి మీదా అదే గోధుమరంగు.

"ఏంటే, చెయ్యి ఆగింది?"

"లే వదినా."

"దురదగా ఉంది, కాస్త రాయవే తల్లీ."

"రాయను. లే. చీర సర్దుకో, ఆసుపత్రికి వెళ్దాం."

వదిన తల తిప్పి ఆ ముఖం చూసింది. బల్ల దిగి కొంగు సర్దుకుంది.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించి, మచ్చ క్యాన్సరుగా మారినట్టుందని చెప్పింది. "పూత వల్ల రాలేదు, అది మనసులో పెట్టుకోకండి," అంది. తరవాత, చేతులు కడుక్కుంటూ, "దురద తగ్గకుండా ఉండుంటే ముందే వచ్చేవారు కదా," అంది. ఆ రెండో మాట వేళ్లక్క వెంట ఇంటిదాకా వచ్చింది.

వీపులో లోతుగా కోశారు. ఎడమ చంకలోకి పాకిన గడ్డలూ తీశారు. యజమానురాలు పండ్లు పట్టుకుని చూడవచ్చి, "క్రీము తప్పేం లేదన్నారుగా?" అని గుమ్మంలోనే అడిగింది. లేదనే చెప్పింది వేళ్లక్క. నెల తిరగకుండా పని మానేసి, వదినను తీసుకుని పెద్దాసుపత్రి ఉన్న ఊరికి మారిపోయింది.

కొన్నేళ్ల తరవాత యజమానురాలికి ఆమె రాసిన ఉత్తరం ఇది:

"మేడమ్ గారికి నమస్కారాలు. కొత్త బ్రాంచి తెరుస్తున్నారని, సీసా మీద వేయడానికి నా చేతుల ఫోటో కావాలని రాశారు. సంతోషం. మీ క్రీము మంచిదే. పగుళ్లకు ఇప్పటికీ అదే వాడతాను, అడిగినవాళ్లకి అదే చెబుతాను. ఫోటో మాత్రం పంపలేను. కొత్తచోట తెరలు పలచనివి వేయించండి. పనిచేసే పిల్లలకు కళ్లు తెరిచి రాయమని నా మాటగా చెప్పండి.

వదిన ఎడమచెయ్యి భుజం దాటి లేవదు. ఇస్త్రీ నేను చేస్తే మడత సరిగా రాలేదని తిడుతుంది. తిట్టినంతకాలం నాకు ధైర్యంగా ఉంటుంది. నిన్న సాయంత్రం తిట్టలేదు. మెడ వెనక దురదగా ఉందని, సీసా తెమ్మంది. సీసా తీసి అటక మీద పెట్టి, కిటికీ తెరిచాను. అప్పటికే పొద్దు వాలింది, వెలుగు చాల్లేదు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. బట్టలు సర్దాలి, అందుకని ఇక్కడితో ఆపుతున్నాను."