పది వేళ్లు ముడిచేదాకా

మా సార్ పోయారని మొన్న పొద్దున్న వికారాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. తాండూరులో బడికి బయలుదేరుతున్నదాన్ని, ఒక చెప్పు వేసుకుని గడప మీదే కూర్చుండిపోయాను. టీచర్ ట్రైనింగ్‌లో లెక్కలు ఎలా చెప్పాలో నాకు నేర్పిన మనిషి ఆయన.

మేం పాఠం చెబుతుంటే సార్ వెనక బెంచీ మీద పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. ప్రశ్న అడిగి జవాబు కూడా మేమే చెప్పేస్తే ఆయనకు ఒళ్లు మండేది. "అడిగినంక పది లెక్కపెట్టాలె. గప్పటిదాంక నోరు తెరవొద్దు," అనేవారు. మీరూ పిల్లల్ని ఏదైనా అడిగి చూడండి, పది ఎంత పొడుగో తెలుస్తుంది.

జర్మనీ యూనివర్సిటీ ఒకటి మా కాలేజీతో కలిసి పరిశోధన మొదలుపెట్టింది. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతుందన్నదే వాళ్ల విషయం. "వాళ్లకు స్టాప్‌వాచీలున్నయ్, మనకు వేళ్లున్నయ్," అని సార్ నవ్వారు. తాండూరు బడిలో మొదటి పాఠం నాది. మోమిన్‌పేట్ అనే చిన్న ఊరి నుంచి వచ్చినదాన్ని, పరువు పోతుందని భయపడి ముందురోజే పిల్లలకు జవాబులన్నీ బట్టీ పట్టించాను. ఈ పాఠం చెడితే ట్రైనింగే మానేద్దామనుకున్నాను.

చెడింది. ప్రశ్న సగంలో ఉండగానే క్లాసంతా "పావు వంతు!" అని అరిచింది. పరిశోధన కోసం జర్మనీ నుంచి వచ్చిన మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నారు సార్ వెనక నుంచి. "వాళ్లకు వచ్చింది అడిగినవ్. ఇప్పుడు రానిది అడుగు."

"ఒక నాపరాతి బండను నాలుగు సమాన ముక్కలు కోసి, అందులో ఒకదాన్ని మళ్లీ సగం చేస్తే, ఆ సగం మొత్తం బండలో ఎంత?" అన్నాను. చప్పుడు లేదు. జవాబు నా నోటిదాకా వచ్చింది. సార్ చేతులెత్తి ఒక్కో వేలు ముడుస్తున్నారు. ఎనిమిదో వేలి దగ్గర, ముందురోజు నుంచీ ఒక్క మాటా మాట్లాడని పిల్ల ఒకతి లేచింది.

"ఎనిమిదో వంతు టీచర్. మా నాయన బండలు కోస్తడు, నేను చూసిన."

మేడమ్ మళ్లీ పెన్ను తీసింది. ఈ పద్ధతి ఏ పుస్తకంలోదని తర్వాత సార్‌ను అడిగింది.

"పుస్తకం లేదమ్మా. చిన్నప్పుడు నాకోసం ఎవ్వరు ఆగలే," అన్నారు. పక్కనున్న మా లెక్చరర్ ఆ మాటను మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పారు.

నేనివాళ టీచర్‌నంటే ఆయన ముడిచిన ఆ ఎనిమిది వేళ్ల వల్లే. ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు.

సార్‌ను సాగనంపి వచ్చిన మర్నాడు క్లాసులో ఒక ప్రశ్న అడిగాను. ఎవరూ పలకలేదు. అలవాటుగా వెనక బెంచీ వైపు చూశాను. ఈసారి వేళ్లు నేనే ముడవడం మొదలుపెట్టాను. తొమ్మిది అయ్యాయి. చివరి వేలు ముడవబోతుంటే, ఆ వెనక బెంచీ నుంచే ఒక చిన్న చెయ్యి లేచింది.