ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు

నా తమ్ముడి పెళ్లాం సత్యదుర్గకు మా బండారులంకలో చాలా మంచి పేరుంది. ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరేమన్నా ఎదురు చెప్పదు, ఎవరేమడిగినా కాదనదు, అందుకని మంచిదట. పక్కింటివాళ్లు మా అరుగు మీద వాళ్ల కొబ్బరి కమ్మలు పేర్చుకుంటామన్నా "ఆయ్ అండి" అంటుంది. పేర్చాక వాటిని దాటుకుంటూ తిరుగుతుంది. నేను ఆవిడ ఆడపడుచును, సత్యనారాయణమ్మను. పక్క వాటాలోనే ఉంటాను. నాకు ఊళ్లో మంచి పేరు లేదు, అక్కర్లేదు కూడా.

మా వైపు వాళ్లు కానివారికి ఈ "ఆయ్" సంగతి చెప్పాలి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "ఆయ్" అనడం మాకు మర్యాద. వింటున్నానండి అని, చెప్పండి అని, మీ మాటకు అడ్డు రానండి అని. ఒక్కోసారి సరేనని కూడా. ఏది ఏ ఆయో ముఖం చూస్తే మాకు తెలిసిపోతుంది. కాగితం చూసుకుంటూ మాట్లాడేవాడికి తెలియదు.

సత్యదుర్గ కూతురు సుప్రియకు తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలింది, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు, మెడ నిలవదు. బుర్ర మాత్రం చురుకు. టీవీలో హాస్యం వస్తే అందరికన్నా ముందు నవ్వేది అదే. వాళ్ల ముందు గదంతా మగ్గమే. నా తమ్ముడు నాగేంద్ర గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటాడు, సత్యదుర్గ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంటుంది. ఆ ఇద్దరి మధ్యా గోడకు దిండ్లు చేర్చి, నడుముకు పాత చీర కట్టి సుప్రియను కూర్చోబెడతారు. ఆ పిల్ల నోటికి వచ్చిన మాట ఒక్కటే. రోజంతా తల్లి దగ్గర విన్న మాట, "ఆయ్".

అన్నం పెట్టనా అంటే ఆయ్. పడుకుంటావా అంటే ఆయ్. ఎంత మంచి పిల్లో, తల్లి పోలికే అని వీధంతా మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు. రోజూ సాయంత్రం చక్రకేళి అరటిపండు పాలల్లో మెదిపి గిన్నెలో తీసుకెళ్లేదాన్ని. "అత్త పెడితే తింటావా?" అంటే "ఆయ్" అనేది. నా చేతి పండంటే దానికి ప్రాణం అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఈ మురిపెం మీద మొదట నీళ్లు చల్లింది శారోన్. అమలాపురంలో ఇలాంటి పిల్లలకు వ్యాయామాలు చేయించే అమ్మాయి. ఒకరోజు సత్యదుర్గను అడిగింది.

"పాప ఎప్పుడైనా దేనికైనా వద్దంటుందాండి?"

"లేదండి. చాలా మంచి పిల్లండి."

"మంచి పిల్ల కాబట్టి కాదండి. వద్దనడానికి దాని దగ్గర మాట లేదండి."

సత్యదుర్గ ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను శారోన్ మీద మండిపడ్డాను. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల మాకు మా పిల్ల గురించి చెబుతుందా అన్నాను.

తర్వాతి వారం శారోన్ నన్ను కూడా రమ్మంది. బీరువాలోంచి ఒక పెట్టె తీసింది. అరచేతిలో పట్టేంత పెట్టె, మీద చిన్న అప్పడమంత ఎర్ర బొత్తం. మనం ఒక మాట చెబితే అందులో ఉండిపోతుంది, బొత్తం నొక్కితే పలుకుతుంది. "అమ్మా" అని పెట్టి సుప్రియ ఎడమ చేతి కింద ఉంచింది. రెండుసార్లు చెయ్యి తప్పిపోయింది. మూడోసారి పిడికిలి వెళ్లి బొత్తం మీద పడింది. "అమ్మా" అంది పెట్టె. సుప్రియ ఇంక ఆగలేదు, నొక్కుతూనే ఉంది. పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు సత్యదుర్గ ఏడ్చింది. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను.

శారోన్ జాగ్రత్తగా చెప్పింది. వచ్చే నెల అమలాపురంలో ఒక ట్రస్టువాళ్లు క్యాంపు పెడుతున్నారు. వీల్‌చైర్లూ ఇస్తారు, ఇలాంటి పెట్టెలూ ఇస్తారు. పిల్లకు ఏదో ఒక్కటే. మళ్లీ అయిదేళ్ల దాకా ఏమీ ఇవ్వరు. "మీ గుమ్మంలో కుర్చీ పట్టదు, మీ వీధి ఇసుకలో నడవదు. పెట్టె అడగండి. గట్టిగా అడగండి."

నెల రోజులు కండెలు చుడుతూ సత్యదుర్గ ఆ ఒక్క మాటే వల్లె వేసుకుంది. "మాకు మాట్లాడే పెట్టె ఇప్పించండి." గోడ అవతల ఉన్న నాకు కూడా కంఠతా వచ్చింది. క్యాంపు రోజున నేను వెళ్లలేదు. అప్పనపల్లి గుళ్లో మొక్కు ఉండిపోయింది. నా ఖర్మ, ఆ రోజే తీర్చుకోవాలనిపించింది.

క్యాంపులో బల్ల దగ్గర కూర్చున్నవాడి పేరు దీపక్ అట. హైదరాబాదు నుంచి వచ్చాడు. సత్యదుర్గ నోరు తెరిచే లోపే మొదలుపెట్టాడు.

"ఈ మాట్లాడే పెట్టెలు చదువుకునే పిల్లలకమ్మా. మీ పాపకు ముందు వీల్‌చైర్ ఉండాలి."

"ఆయ్ అండి."

"నలుగురిలోకి వస్తుంది. లోకం చూస్తుంది."

"ఆయ్ అండి."

"నువ్వు చెప్పు పాపా, వీల్‌చైర్ కావాలా?"

"ఆయ్" అంది సుప్రియ.

దీపక్ సంతోషించాడు. కాగితం మీద రాసుకుని సంతకం పెట్టించాడు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశారు.

నేను ఇంటికొచ్చేసరికి కుర్చీ అరుగు మీద ఉంది. "నోట్లో ఏం పెట్టుకున్నావే?" అన్నాను.

"ఆయన మాట అవ్వనిచ్చి అడుగుదామనుకున్నానండి వదినగారు. ఆయన మాట అయ్యేసరికి సంతకం కూడా అయిపోయిందండి."

నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. ఇంత మర్యాద ఎవరికి కావాలి? ఎవర్ని ఉద్ధరించడానికి? కుర్చీ గుమ్మంలో పట్టలేదు. పట్టినా లోపల మగ్గం ఉంది. వీధిలోకి దింపితే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. వారం తిరగకుండా దాని మీద తడి నూలు ఆరేశాం. చూడ్డానికొచ్చినవాళ్లు మాత్రం "ఎంత మంచి కుర్చీ ఇచ్చేరండి, ఇంకేం కావాలి" అన్నారు. నేను నలుగురితో తగువు పెట్టుకున్నాను. అయిదోవాళ్లు రావడం మానేశారు.

చివరికి నేనే లేవదీశాను. కుర్చీని ఆటో మీద కట్టించి, పిల్లను ఒళ్లో పెట్టుకుని నేనూ సత్యదుర్గా అమలాపురంలోని ట్రస్టు ఆఫీసుకు వెళ్లాం. ఆ దీపక్ మమ్మల్ని కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. ఫైలు తిరగేసి మాకే చూపించాడు.

"తల్లి ఒప్పుకున్నారు. పాప కూడా సంతోషంగా ఒప్పుకుంది, ఇదిగో రాసి ఉంది. ఇప్పుడు మార్చడం కుదరదమ్మా."

నేను మాట అందుకోబోయాను. సత్యదుర్గ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కాపరానికొచ్చిన పదమూడేళ్లలో నన్ను ఆపడం అదే మొదలు. సుప్రియ ముఖం తన వైపు తిప్పుకుంది.

"సుప్రియా, నిన్నిక్కడ వదిలేసి అమ్మ వెళ్లిపోనా?"

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఒళ్లంతా బిగుసుకుపోయింది. "ఆయ్" అంది.

"ఇంక మళ్లీ రాను. సరేనా?"

పెదవులు వణుకుతున్నాయి, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "ఆయ్" అంది.

"ఇదేనండి మీరు రాసుకున్నది" అంది సత్యదుర్గ. "దానికి ఇంకో మాట రాదండి. నాకు వచ్చి కూడా అనలేదండి. ఇప్పుడంటున్నానండి. ఈ కుర్చీ మాకు వద్దండి."

వెంటనే పిల్లను గుండెలకు అదుముకుని, "ఉత్తినే అన్నానమ్మా, ఉత్తినే" అని వీపు నిమురుతూ ఉండిపోయింది. కన్నకూతుర్ని అలా ఏడిపించి చూపిస్తే తప్ప ఒక కాగితం మారదంటే, ఆ కాగితం రాసినవాళ్ల మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. దీపక్ ఫైలు మూసేశాడు. తర్వాత, పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు.

"అడగండి. మేం ఇక్కడే కూర్చుంటామండి" అంది మా మరదలు.

కుర్చీని వాళ్ల గుమ్మానికి అడ్డంగా నేనే పెట్టాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ పక్కకు తిరిగి దూరారు. మూడు గంటల తర్వాత పాత కాగితం కొట్టేసి కొత్తది రాసిచ్చారు. ఇరవై రోజులకు పెట్టె వచ్చింది.

పెట్టెలో మాట పెట్టడానికి శారోన్ మా ఇంటికే వచ్చింది. ఏ మాట పెడదామంటే సత్యదుర్గ తడుముకోలేదు, "వద్దు" అంది. తీరా పెట్టెలో చెప్పమంటే "వద్దండి" అని వచ్చింది. నాలుగుసార్లు చెప్పించినా అదే. ఎవర్నో భోజనానికి పిలుస్తున్నట్టుంది ఆ గొంతు. నాకు ఓపిక పోయి పెట్టె లాక్కున్నాను. "వద్దు" అన్నాను, నేను రోజూ అనేటట్టే. సుప్రియ పకపకా నవ్వింది.

"ఇదే ఉంచేద్దామండి" అంది శారోన్.

ఆ సాయంత్రం ఎప్పట్లాగే పండు మెదిపి తీసుకెళ్లాను. నా గొంతు పిల్లకు ఇచ్చానన్న గర్వం కూడా ఉంది. చెంచా ఎత్తి, "అత్త పెడితే తింటావా?" అన్నాను.

సుప్రియ చెంచా వైపు చూసింది. ఎడమ చెయ్యి కదిలింది, ఒకసారి తప్పింది, మళ్లీ వెళ్లి బొత్తం మీద పడింది.

"వద్దు."

నా గొంతే. నా విసురే. చెంచా ఇంకొంచెం ముందుకు పెట్టాను.

"వద్దు."

రాట్నం ఆగింది. "పొరపాటున తగిలిందేమోనండి వదినగారు" అంది సత్యదుర్గ. నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, తొమ్మిదేళ్ల పిల్ల మీద కోపం వచ్చింది. ఆ కోపంతోనే గిన్నె కింద పెట్టి దాని ముఖంలోకి చూశాను.

"మొదటి నుంచీ ఇష్టం లేకుండానే తిన్నావా?"

చెయ్యి ఇంకా బొత్తం పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నా కళ్లల్లోకే చూస్తూ అంది.

"ఆయ్."